పుస్తకానికి మినహాయింపు, గొంతుకు 18 శాతం జరిమానా!

అచ్చు పుస్తకం మీద పన్ను లేదని పాలకులు ప్రతి వేదిక మీదా చెప్పుకుంటూ వుంటారు. నిజమే. 2017 జూలై 1న వస్తు సేవల పన్ను అమలులోకి వచ్చిన నాటి నుండి అచ్చు పుస్తకం, బ్రెయిలీ పుస్తకంతో సహా, సున్నా శాతం జాబితాలోనే వున్నది. కాని ఆ పుస్తకం వెనుక అట్టకు ఒక కాగితపు సంచి అంటించి, అదే పాఠాన్ని చదివి వినిపించే డిస్కునో, మెమరీ కార్డునో అందులో వుంచి అమ్మి చూడండి. తక్షణం అది పుస్తకమా, సరుకుల మూటా అనే సందేహం పన్ను అధికారికి పుట్టుకొస్తుంది. ఆ సందేహపు ఖరీదును ఎవరు చెల్లిస్తున్నారో రైల్వే, తపాలా ఉద్యోగ సోదరుల దృష్టికి తేవడం మా కర్తవ్యమని భావిస్తున్నాము.

చట్టం ఏమంటున్నదో ముందు చూడాలి. కేంద్ర జి.ఎస్.టి. చట్టం 8వ సెక్షన్, కలిపి అమ్మే వస్తువులను రెండు తరగతులుగా విభజించింది. వ్యాపారంలో సహజంగానే కలిసి వుండి, ఒకటి ప్రధానం, మరొకటి అనుబంధం అయితే అది సంయుక్త సరఫరా. ప్రధాన వస్తువుకు ఏ రేటో మొత్తానికి అదే రేటు. అట్లు గాక విడివిడిగా అమ్మదగిన వాటిని ఒకే ధరకు కట్టగట్టి ఇస్తే అది మిశ్రమ సరఫరా. అప్పుడు ఆ కట్టలో ఏ వస్తువుకు అందరికన్నా ఎక్కువ రేటు వున్నదో, ఆ రేటే మొత్తం కట్టకు పడుతుంది. రికార్డు చేసిన డిస్కుకు, కార్డుకు రేటు 18 శాతం.

లెక్క వేసి చూద్దాం. 150 రూపాయల పుస్తకం, 50 రూపాయల డిస్కు కలిపి 200కు అమ్మారనుకుందాం. అధికారి దానిని సంయుక్తమని, పుస్తకమే ప్రధానమని అంగీకరిస్తే పన్ను సున్నా. రెంటికీ వేర్వేరు ధరలు వేసి బిల్లు రాస్తే డిస్కు మీద 9 రూపాయలు. మిశ్రమమని తేలిస్తే 200 మీద 36 రూపాయలు! అంటే పన్ను లేని పుస్తకం మీద కూడా 27 రూపాయలు గుంజుకున్నారన్న మాట. వస్తువు మారలేదు, చదివే బిడ్డ మారలేదు, మారినదల్లా ఫైలు మీద రాసిన మాట ఒక్కటే.

సందేహం తీర్చుకోవడానికి ముందస్తు తీర్పుల అథారిటీ వున్నది కదా అని ఆర్థిక శాఖ వారు అంటారు. వున్నది. అక్కడ దరఖాస్తు పెట్టాలంటే కేంద్ర చట్టం కింద 5,000, రాష్ట్ర చట్టం కింద మరో 5,000 రూపాయల రుసుము కట్టాలి. వచ్చిన తీర్పు కూడా ఆ దరఖాస్తుదారుకు, అతని పరిధి అధికారికి మాత్రమే కట్టుబాటు. ఐదు వందల ప్రతులు అచ్చు వేసుకునే ప్రచురణకర్త ఈ పని చేస్తాడా? చేయడు. సంచి పీకివేసి వట్టి పుస్తకం అమ్ముకుంటాడు.

వట్టి పుస్తకం ఎవరికి చాలదో తెలుసుకోవాలంటే బస్తర్‌కు రావాలి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు చేర్చడానికి 1960వ దశకంలో నిర్మించిన కొత్తవలస–కిరండూల్ మార్గంలో, 58 సొరంగాలు దాటించి బండ్లు నడిపినవారిలో తెలుగు కార్మికులు వేలాది మంది. కిరండూల్, బచేలి, జగదల్‌పూర్ క్వార్టర్లలో పుట్టి పెరిగిన మన బిడ్డలు హిందీ బడిలో చదువుతారు. తెలుగు ఇంట్లో వినవలసినదే తప్ప బడిలో దొరకదు. వారికి వాచకంతో పాటు ఉచ్చారణ వినిపించే రికార్డు వుంటేనే ఉపయోగం. దక్షిణాన కుంట, భోపాలపట్నం వైపు దోర్లలు తమ కోయ మాటతో పాటు తెలుగు కూడా మాట్లాడతారు. వారి పిల్లల అవసరమూ ఇదే.

ఇక ఈ నేల అసలు హక్కుదారుల సంగతి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గోండి మాతృభాషగా గలవారు సుమారు 29 లక్షల మంది. హల్బీ వారు 7 లక్షలకు పైబడి వున్నారు. గోండికి లిపి లేదనడం సరికాదు. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన ప్రతులే అందుకు సాక్ష్యం, ఆ లిపి 2018లో యూనికోడ్‌లో కూడా చేరింది. అయినా ఆ భాషల సారస్వతం నేటికీ ప్రధానంగా నోటనే నిలిచి వున్నది. హల్బీ స్త్రీ గాయకులు, గురుమాయీలు, కుండ మీద చేట, చేట మీద విల్లు ఆన్చి ధనకుల్ వాయిస్తూ రాత్రుల తరబడి పాడే లచ్మీ జగార్ ధాన్యలక్ష్మి కథ. కొండగావ్‌కు చెందిన హరిహర్ వైష్ణవ్ దశాబ్దాల పాటు శ్రమించి అట్టి గానాలను అక్షరబద్ధం చేశారు. అటువంటి గ్రంథానికి గాయని గొంతు అనుబంధమా? కాగితం మీది అక్షరమే ఆ గొంతుకు అనుబంధం! కాని ఈ సత్యం చెప్పిన ప్రచురణకర్త కొంప మునుగుతుంది, ఎందుకంటే రికార్డే ప్రధానమన్న మరుక్షణం మొత్తానికి 18 శాతం. నిజం చెబితే జరిమానా, పుస్తకమే ప్రధానమని బొంకితే మినహాయింపు!

ఈ ప్రాంతంలో గొంతే పత్రిక అన్న సంగతి 2010లో శుభ్రాంశు చౌధురి తదితరులు ప్రారంభించిన సీజీనెట్ స్వర రుజువు చేసింది. మామూలు ఫోను నుండి గ్రామస్థుడు తన మాటలో వార్త చెబుతాడు, మరొకడు వింటాడు. అచ్చువేసిన వార్తాపత్రికకు పూర్వం రాజ్యాంగమే అమ్మకపు పన్ను నుండి రక్షణ ఇచ్చింది, నేడు కూడా అది సున్నా జాబితాలోనే వున్నది. పలికిన అక్షరానికి అట్టి రక్షణ ఏ జాబితాలోనూ లేదు.

ఇంతకన్నా విడ్డూరం మరొకటి. అదే రికార్డును ఇంటర్‌నెట్‌లో వుంచి, పుస్తకం పుటలో ఒక క్యూఆర్ కోడ్ అచ్చు వేస్తే ఆచరణలో ఎవరూ అడగరు. అది వట్టి సిరా గుర్తు, పుస్తకం పుస్తకమే, పన్ను సున్నా. సర్కారీ పాఠ్యపుస్తకాలలోనూ ఈ కోడ్‌లు వున్నాయి. చేతిలో స్మార్ట్ ఫోను, నెత్తిన టవరు వున్న రాయ్‌పూర్ విద్యార్థికి గొంతు ఉచితం. సిగ్నల్ అందని అబూజ్‌మాడ్ కొండల బిడ్డకు డిస్కో, కార్డో తప్ప వేరే దారి లేదు. అతనికే పన్ను! సౌకర్యం లేనివాని నుండి వసూలు, సౌకర్యం వున్నవానికి మాఫీ. దీనిని సరళీకరణ అని పిలవడానికి నోరెలా వస్తున్నదో మాకు అర్థం కాదు.

న్యాయస్థానాలు ఏమన్నాయో కూడా చెప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్ అమ్మకపు పన్ను చట్టం, 1957 కింద పుట్టిన టాటా కన్సల్టెన్సీ కేసులో 2004 నవంబరు 5న సుప్రీం కోర్టు, ఒక మాధ్యమంపై నిలిచి అమ్మకానికి వచ్చిన సాఫ్ట్‌వేర్ కూడా సరుకేనని తేల్చింది. పుస్తకం, పాటల డిస్కు, ప్రోగ్రాం డిస్కు అన్నీ ఆ తర్కంలో ఒకే కోవకు వస్తాయి, విలువంతా లోపలి విషయానిదే. ఆ వాదంతో పన్ను రాబట్టుకున్న ప్రభుత్వాలు, అదే వాదాన్ని మినహాయింపుకు మాత్రం ఎందుకు వర్తింపజేయవు? విషయం ఒకటే అయినప్పుడు కాగితానికి సున్నా, ప్లాస్టిక్‌కు 18 ఏమిటి?

పోనీ మినహాయింపు పొందిన పుస్తకమైనా నిజంగా పన్ను లేనిదా? 2025 సెప్టెంబరు 22 నుండి రాత పుస్తకాలు, పటాలు, పెన్సిళ్లు సున్నాకు తగ్గించామని చాటుకున్నారు, సంతోషమే. అదే రోజున పుస్తకాలు అచ్చువేసే కాగితం 12 నుండి 18కి ఎక్కింది. అమ్మే పుస్తకం మీద పన్ను లేదు గనుక, కాగితం మీద కట్టిన పన్నును ప్రచురణకర్త తిరిగి రాబట్టుకోలేడు. అది ధరలో చేరి పాఠకుని జేబులోకే వస్తుంది.

ఇందులో తపాలా ఉద్యోగుల ప్రమేయం లేదనుకోకండి. 2022 జూలై 18న తపాలా సేవల మీద పన్ను విస్తరించినప్పుడు కూడా పోస్టుకార్డు, ఇన్‌లాండ్ లెటరుతో పాటు బుక్ పోస్టును వదిలిపెట్టారు. తరువాత 2024 డిసెంబరు 18న రిజిస్టర్డ్ బుక్ పోస్టు సౌకర్యాన్నే ఎత్తివేశారు. ప్రచురణకర్తలు గగ్గోలు పెట్టగా 2025 మే 1 నుండి జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. 300 గ్రాములకు 20 రూపాయలు, 5 కిలోలకు 100, వర్తించే పన్నులు అదనం. ఇది అచ్చు సామగ్రికే పరిమితం. మరి వెనుక అట్టలో డిస్కు వున్న వాచకం కౌంటరుకు వస్తే మన గుమాస్తా ఏమి చేయాలి? సంచి విప్పి చూడాలా? జ్ఞానమని తీసుకోవాలా, పార్సెలని తూయాలా? తీసుకుంటే రేపు ఆడిట్ అభ్యంతరం, తిప్పి పంపితే ఎదురుగా నిలబడిన ఉపాధ్యాయుని కోపం. ఢిల్లీలో ఒక వాక్యం రాయని వారి నిర్లక్ష్యం దంతెవాడ కౌంటరు ముందు కొట్లాటగా తేలుతున్నది.

మినహాయింపు ఇస్తే ఒక కరపత్రం జత చేసి సినిమా పాటలన్నీ పుస్తకాలుగా అమ్ముతారని అధికారుల అభ్యంతరం. వ్యాపారి ఆ పని చేయగలడు, కాదనము. కాని దారి వారి చేతిలోనే వున్నది. 2018 జూలైలో ఈ–పుస్తకం రేటును 18 నుండి 5కు తగ్గించినప్పుడు, అచ్చులో వున్న పుస్తకానికి ఎలక్ట్రానిక్ రూపమై వుండాలన్న నిబంధన పెట్టారు. అదే నిబంధన ఇక్కడ పెట్టవచ్చు: ఆ పుస్తకంలోని విషయాన్నే వినిపించే రికార్డుకు మాత్రమే మినహాయింపు. అంధుల కోసం తయారైన మాట్లాడే పుస్తకం, క్యాసెట్టు గాని డిస్కు గాని, 2017 జాబితాలోనే ప్రత్యేకంగా పేర్కొనబడింది. అయితే 5 శాతంతో. వేళ్లతో చదివే బ్రెయిలీకి సున్నా, చెవితో చదివే దానికి 5. ఆ భేదం కూడా పోవాలి.

కావున, పుస్తకంతో జతపరచిన అదే విషయపు రికార్డును పుస్తకంలో భాగంగానే పరిగణించి సున్నా రేటు వర్తింపజేస్తూ జి.ఎస్.టి. కౌన్సిల్ స్పష్టమైన నోటిఫికేషన్ వెలువరించాలని, అట్టి ప్రతులు జ్ఞాన్ పోస్ట్‌కు అర్హమని తపాలా శాఖ లిఖిత పూర్వకమైన ఆదేశం ఇవ్వాలని, అది వచ్చేంతవరకు ఏ కౌంటరు గుమాస్తాను సంజాయిషీ అడగరాదని మేము డిమాండ్ చేస్తున్నాము. శాఖలు తమ తదుపరి సర్వసభ్య సమావేశంలో ఈ మేరకు తీర్మానం ఆమోదించి, ఒక ప్రతి కేంద్ర ఆర్థిక మంత్రికి, ఒక ప్రతి ఛత్తీస్‌గఢ్ ఆర్థిక మంత్రికి పంపవలసినదిగా కోరుతున్నాము. కౌన్సిల్‌లో ఇద్దరికీ ఓటు వున్నది.