రాయికి మన పేరుంది, మనకు రాయి లేదు



మన చరిత్ర ఏ పాఠ్యపుస్తకంలో చూసినా ఒక పేరా దాటదు. రాళ్ల పాఠం తెరిస్తే మాత్రం అంతా మన పేర్లే. అరకు ఘాట్ రోడ్డు ఎక్కుతున్నప్పుడు కోసిన కొండ పక్కన ఎర్రమచ్చలతో, తుప్పు రంగులో కనిపించే రాయి చూశారు కదా, దాని పేరు ఖోండలైట్. కోదుల పేరు మీద వాకర్ అనే తెల్లదొర 1902లో పెట్టిన పేరది. మాంగనీసు ఉండే ఇంకో రాయి పేరు గోండైట్. ఇక గోండ్వానా సంగతి చెప్పక్కర్లేదు. గోండుల నేల పేరు తీసుకుని అంటార్కిటికా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా అన్నీ కలిసి ఉన్నప్పటి మహాఖండానికే పెట్టేశారు. ఇంత గౌరవం చేసినవాళ్లు, పేరు పెట్టే ముందు ఏ గూడెంలోనైనా ఒక మాట అడిగారా? అడిగినట్టు ఎక్కడా రాసి లేదు.

ఇది గొప్పగా చెప్పుకోవాల్సిన విషయమా, బాధపడాల్సిన విషయమా అని ఒక తమ్ముడు అడిగాడు. రెండూ కాదు, అర్థం చేసుకోవాల్సిన విషయం. ఖోండలైట్ లక్షల ఏళ్లు ఎండకీ వానకీ నాని, కరిగి, మిగిలేదే మన కొండల నెత్తి మీదున్న బాక్సైట్. ముందు సుత్తి, సంచీ పట్టుకుని ఒకడు వస్తాడు. నాలుగు ముక్కలు కొట్టి, నంబరు వేసి, సంచిలో వేసుకుని పోతాడు. పాపం మంచివాడే అయ్యుంటాడు, చదువుకున్నవాడు, మనం పోసిన అంబలి తాగి దండం పెట్టి వెళ్లినవాడు. కానీ ఆ సంచిలోని ముక్క వెనకాలే మ్యాపు వస్తుంది, మ్యాపు వెనకాల లీజు వస్తుంది. 2015లో జీవో 97 వచ్చినప్పుడు చింతపల్లి ఏజెన్సీలో ఎందుకంత గొడవ చేశామో ఇప్పుడు కాలేజీల్లో ఉన్నవాళ్లకు ఇంట్లో పెద్దలు చెప్పే ఉంటారు.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, ఈమధ్య సంతకి పోయినా బస్టాండులో నిలబడినా కుర్రాళ్ల ఫోన్లలో ఒకటే వీడియోలు. ఉల్క దొరికితే కోట్లు, నల్లరాయికి అయస్కాంతం అంటుకుంటే లక్షలు, ఫలానా రంగురాయి ఉంటే ఫోన్ చేయండి అని. దీని వెనకాల 'రైస్ పుల్లింగ్' బ్యాచులు కూడా తిరుగుతున్నాయి. బియ్యాన్ని లాగే రాయి అనీ, ఇరీడియం అనీ చెప్పి, పరీక్ష చేయించడానికని ఎదురు డబ్బు మన దగ్గరే గుంజుతారు. బియ్యాన్ని లాగే రాయి లోకంలో ఎక్కడా లేదు. అది ముందు మనసులో పెట్టుకోండి. మోసం కాని వ్యాపారం సంగతే అసలు మాట్లాడాలి.

రాళ్లు సేకరించడం అనే పని ఆదివాసుల నేల మీద ఎలా జరుగుతుందో తెలియాలంటే గ్రీన్‌లాండ్ దాకా వెళ్లాలి. అక్కడ ఉత్తరాన మంచు తప్ప ఏమీ లేని చోట ఇనుఘుయిట్ అనే జనం ఉంటారు. చెట్టు లేదు, గని లేదు. కానీ ఆకాశం నుంచి పడిన ఇనుము ఉంది. కేప్ యార్క్ దగ్గర పడిన ఆ ఇనుప ఉల్కలను వాళ్లు పేర్లు పెట్టి పిలుచుకున్నారు. గుడారం, ఆడమనిషి, కుక్క. వందల ఏళ్లు తరతరాలుగా అక్కడికి వెళ్లి, ఆ ఇనుము నుంచి చిన్న చిన్న పెచ్చులు కొట్టి, కత్తి అంచులకీ ఈటె మొనలకీ వాడుకున్నారు. దేంతో కొట్టారనుకున్నారు? బసాల్ట్ రాళ్లతో. అగ్నిపర్వతం లావా గడ్డకట్టిన నల్లరాయి అది. ఆ చుట్టుపక్కల దొరకదు, దూరం నుంచి మోసుకొచ్చారు. పగిలిపోయిన ఆ సుత్తిరాళ్లు వేల సంఖ్యలో ఉల్కల చుట్టూ కుప్పపడి ఉన్నాయి. ఏ రాయి గట్టిది, ఏది ఎక్కడ దొరుకుతుంది, ఆకాశపు ఇనుము ఎలా సాగుతుంది అనేది తెలిసినవాళ్లని శాస్త్రవేత్తలు అనకపోతే ఇంకేమంటారు?

1818లో బ్రిటిష్ నావికుడు జాన్ రాస్ వాళ్ల దగ్గర ఇనుప అంచులున్న కత్తులు చూసి ఆశ్చర్యపోయాడు. ఆ ఇనుము ఎక్కడిదో బయటివాళ్లకు చాలాకాలం దొరకలేదు. 1894లో అమెరికా నుంచి వచ్చిన రాబర్ట్ పియరీకి ఒక స్థానికుడు తుపాకీ ఆశతో దారి చూపించాడు. మనకు తెలిసిన కథే కదా, తుపాకీ బదులు మన దగ్గర సెల్‌ఫోనో సీసానో ఉంటుంది. 1895లో ఆడమనిషినీ కుక్కనీ, 1897లో గుడారాన్నీ ఓడ ఎక్కించారు. గుడారం ఒక్కటే సుమారు 31 టన్నులు. తిమింగలాల వేట ఓడల దగ్గర ఇనుము దొరుకుతోంది కాబట్టి వాళ్లకిక ఈ ఉల్కలతో పనిలేదని పియరీ సమర్థించుకున్నాడు. వాళ్లకి పని లేదని చెప్పడానికి నువ్వెవడివి అని అడిగే గ్రామసభ అక్కడ లేదు. 1909లో పియరీ భార్య వాటిని న్యూయార్క్ మ్యూజియానికి 40,000 డాలర్లకు అమ్మింది.

ఆ 1897 ఓడలో రాయి ఒక్కటే పోలేదు. ఆరుగురు మనుషుల్ని కూడా మ్యూజియం చూడ్డానికని తీసుకెళ్లారు. ఏడాది తిరిగేలోపే నలుగురు క్షయతో చనిపోయారు. అందులో కిసుక్ అనే మనిషి కొడుకు మినిక్‌కి అప్పుడు ఆరేడేళ్లు. పిల్లాడు చూస్తుండగా తండ్రిని పాతిపెట్టినట్టు ఒక దుంగకి బొచ్చు చుట్టి నాటకం ఆడారు. ఎముకలు మాత్రం మ్యూజియంలోనే దాచారు. మినిక్ పెద్దవాడయ్యాక ఆ సంగతి తెలిసి, నాన్న ఎముకలు ఇవ్వండి అని అడిగాడు. ఇవ్వలేదు. అతను 1918లో చనిపోయాడు. నలుగురి ఎముకలూ ఊరు చేరింది 1993లో. రాయి మాత్రం ఇంకా అక్కడే ఉంది. దాని బరువు మోయడానికి హాలు నేల చాలక, కింద బండరాయి దాకా స్తంభాలు దింపారు. రోజూ ఎంతమంది పిల్లలు దాన్ని ముట్టుకుని మురిసిపోతారో! వాళ్ల తప్పేం లేదు. తప్పంతా లేబుల్‌లో ఉంది.

అదే మ్యూజియంలో ఇంకో ఉల్క ఉంది, పదిహేను టన్నులు పైబడింది. ఒరెగాన్‌లోని క్లాకమాస్ జనం దాన్ని టొమనోవోస్ అంటారు. దాని మీది గుంటల్లో వాననీళ్లు నిలుస్తాయి, ఆ నీళ్లతో మొహం కడుక్కుని, బాణం మొనలు ముంచి యుద్ధానికి పోయేవాళ్లు. 1855 ఒప్పందంతో వాళ్ల నేల పోయింది, వాళ్లని రిజర్వేషన్‌కి తరిమారు. తర్వాత 1902లో హ్యూజ్ అనే తెల్ల రైతు పక్కనున్న ఇనుము కంపెనీ భూమిలో దీన్ని చూశాడు. మూడు నెలలు కష్టపడి, గుర్రంతో లాగించి, తన పొలంలోకి తెచ్చుకుని, చూడ్డానికి వచ్చినవాళ్ల దగ్గర తలకి 25 సెంట్లు వసూలు చేశాడు. కంపెనీ కేసు వేసింది. ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఇది ఇండియన్లు వదిలేసిపోయిన వస్తువు, దొరికినవాడిదే అని హ్యూజ్ వాదన. దాన్ని నిరూపించడానికి ఇద్దరు ఆదివాసుల్ని సాక్షులుగా తెచ్చాడు. వాళ్లు వచ్చి ఆ రాయి తమకెంత పవిత్రమో చెప్పారు. 1905లో కోర్టు భూమి ఎవరిదైతే రాయి వాళ్లదే అని కంపెనీకి ఇచ్చేసింది. ఆ భూమి ఎవరిదో ఎవరూ అడగలేదు. మన మాట సాక్ష్యంగా పనికొచ్చింది, హక్కుగా పనికి రాలేదు.

అయితే ఆ కథ అక్కడ ఆగలేదు. 1999లో క్లాకమాస్ వారసులున్న గ్రాండ్ రోండ్ తెగల సమాఖ్య ఉల్క మాదే అని క్లెయిమ్ వేసింది. 2000లో ఒప్పందం కుదిరింది. రాయి మ్యూజియంలోనే ఉంటుంది, కానీ ఏటా తెగ జనం వెళ్లి తమ పద్ధతిలో దాన్ని కొలుచుకుంటారు. ప్రదర్శనలోంచి తీసేస్తే రాయి తెగకే పోతుంది. పూర్తి న్యాయమా? కాదు. ఆ ఒప్పందానికి ముందే మ్యూజియం ఒక ముక్క కోసి ప్రైవేటు సేకర్తకి మార్పిడిగా ఇచ్చేసింది. 2007లో ఆ 28 పౌన్ల ముక్క వేలానికి వచ్చింది, తెగ పెద్దలు బాధపడ్డారు. అమ్ముడుపోలేదు, అదొక్కటే ఊరట. అర్జెంటీనాలో మొకోయిట్ జనం ఇంకాస్త ముందే మేలుకున్నారు. వాళ్ల నేల మీద పడిన 'ఎల్ చాకో' అనే పెద్ద ఉల్కని 2012లో జర్మనీలో కళా ప్రదర్శనకి తీసుకెళ్లి చూపిస్తామని కళాకారులు వస్తే, కదిలించడానికి వీల్లేదన్నారు. ప్రదర్శన ఆగింది.

మన దగ్గరికి వద్దాం. మన దేశంలో ఉల్క పడితే జాతీయ స్థాయిలో దాన్ని భద్రపరిచేది జీఎస్ఐ, అంటే భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ. 2017 జూన్‌లో జైపూర్ దగ్గర ముకుంద్‌పురాలో పడిన ఉల్క అలాగే వాళ్ల చేతికి వెళ్లింది. ఉల్కకి అది పడిన చోటు పేరే పెడతారు. మంచిదే. ఊరి పేరుంటుంది. ముందు చూసింది ఎవరు, కాపాడింది ఎవరు అనేది మాత్రం ఆ పేరులో ఉండదు.

కానీ నిజం చెప్పాలంటే మన్యంలో ఉల్కల కన్నా రంగురాళ్ల బాధే ఎక్కువ. గొలుగొండ, చింతపల్లి వైపు కొండల్లో అలెగ్జాండ్రైట్ దొరుకుతుంది. పగటి వెలుగులో పచ్చగా, దీపం వెలుగులో ఎర్రగా కనిపించే రాయి. వైడూర్యం కూడా దొరుకుతుంది. రాత్రిపూట గొయ్యి తీసి, గొయ్యిలోంచి పక్కకి సొరంగం తవ్వి, మట్టిపెళ్ల విరిగిపడి సమాధైపోయిన కూలీల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. దిగింది ఎవరు? మనవాళ్లూ, మైదానం నుంచి వచ్చిన పేదవాళ్లూ. కేసు ఎవరి మీద? దిగినవాళ్ల మీదే. గట్టు మీద కూర్చున్న దళారి పేరు కేసులోనూ ఉండదు, రాయి లేబుల్ మీదా ఉండదు. ఆ రాయి ఎన్ని చేతులు మారి ఏ ఉంగరంలో కూర్చుందో మనకు తెలియదు, ఎవరి ప్రాణం ఖరీదు అందులో ఉందో ఆ ఉంగరం పెట్టుకున్నవాడికి తెలియదు.

అటు పుణె దగ్గర వాఘోలి క్వారీల్లో కావన్సైట్ అనే నీలం స్ఫటికాలు దొరుకుతాయి. ప్రపంచంలో సేకర్తలు పోటీపడి కొనే ఖనిజం అది. దక్కన్ లావా రాయి బొక్కల్లో పుట్టింది. ఆదిలాబాద్ వైపు గోండు, కోలామ్ గూడేల నల్లరేగడి కింద ఉన్నదీ ఆ లావానే. రేపు అక్కడ బావి తవ్వుతుంటే తెల్లటి స్ఫటికాల గుత్తి బయటపడితే కూలీ చేతికి ఏమొస్తుందో ఊహించడం కష్టం కాదు.

అలాగని సేకరణ అంటేనే దొంగతనం అనడం లేదు. ఆ మాట అంటే మనకే నష్టం. సమత కేసు గుర్తుచేసుకోండి. అనంతగిరి మండలం బొర్రా పంచాయతీ నిమ్మలపాడులో కాల్సైట్ లీజుల మీద మొదలైన పోరాటం అది. కాల్సైట్ కూడా సేకర్తల అల్మరాల్లో మెరిసే రాయే. 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఐదో షెడ్యూల్ ప్రాంతంలో ప్రైవేటు గిరిజనేతర కంపెనీలకి లీజులు చెల్లవని చెప్పింది. 1/70 చట్టానికి పదును పెట్టిన తీర్పు. ఆ పోరాటంలో మనవాళ్లకి ఏ రాయి ఎక్కడుందో తెలుసు, దాని విలువ ఏంటో మాత్రం అవతలివాడికే ముందు తెలిసింది. ఆ తేడా పోవాలంటే మన పిల్లలు జియాలజీ చదవాలి. సుత్తీ సంచీ మన చేతిలో ఉండాలి. పెసా చట్టం ప్రకారం చిన్నతరహా ఖనిజాల లీజుకి గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫార్సు ముందు తప్పనిసరి. ఆ సభలో కూర్చున్నవాళ్లలో ఒక్కరికైనా ఖోండలైట్ ఏదో, లాటరైట్ ఏదో చూపించే తెలివి ఉంటే సంతకం పెట్టించడానికి వచ్చినవాడు వేరే భాష మాట్లాడతాడు.

మా ప్రతిపాదన చిన్నది. ఏ కాలేజీ వాళ్లు వచ్చినా, ఏ పరిశోధకుడు వచ్చినా నమూనా తీసుకెళ్లే ముందు గ్రామసభ పుస్తకంలో రాయాలి. రాయి ఏది, ఎంత బరువు, ఎక్కడి నుంచి, ఎందుకు, ఎక్కడ పెడతారు. చూపించిన మనిషి పేరు వాళ్ల లేబుల్ మీద కూడా ఉండాలి. పూజ జరిగే బండని, శంకుదేవుడి గట్టుని ముట్టుకోవడానికి లేదని పుస్తకం మొదటి పేజీలోనే రాసుకోవాలి. అలాంటి చోట ముక్క కొట్టనివ్వమని ఒక పెద్ద సంస్థవాళ్లు అడిగినా సరే, కాదంటే కాదు. ఆస్ట్రేలియాలో ఉలురు కొండ నుంచి ముక్కలు ఎత్తుకుపోయిన టూరిస్టులు ఏళ్ల తర్వాత క్షమించమని ఉత్తరం రాసి పోస్టులో తిరిగి పంపుతుంటారు. మనం ఆ ఉత్తరం కోసం ఎదురుచూడక్కర్లేదు.

వచ్చే గ్రామసభకి ఒక నోటుపుస్తకం, పెన్ను పట్టుకెళ్లండి. మన హద్దులోంచి ఇప్పటిదాకా ఎవరెవరు ఏ రాయి పట్టుకెళ్లారో ముసలోళ్లని అడగండి. జీపులో వచ్చిన దొర, గుడారం వేసిన సర్వేవాళ్లు, సంతలో రాయి కొన్న షావుకారు, ఎవరు గుర్తున్నా రాయండి. సంవత్సరం తెలియకపోతే, జీలుగు చెట్లు ఎండిపోయిన ఏడు అని రాసినా సరే.