అప్పు ఆమెది, లెక్క కుటుంబానిది

సంఘాల స్త్రీలను కలిసినప్పుడల్లా నేనడిగే ప్రశ్న ఒకటుంది: "కిస్తీ ఎవరు కడతారు?" "ఇంకెవరు, నేనే" అన్నదే ఎక్కువగా వినే జవాబు.

2010 అక్టోబరులో, సూక్ష్మరుణ సంస్థల వేధింపులు, ఆత్మహత్యల వార్తల మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వారంవారీ వసూళ్లకు అడ్డుకట్ట పడింది. ఆ సంస్థల కొత్త అప్పులూ దాదాపు ఆగిపోయాయి. అవసరాలు మాత్రం ఆగలేదు. ఎందరో స్త్రీలు మళ్లీ వడ్డీ వ్యాపారి గడప తొక్కారు.

2011లో రిజర్వు బ్యాంకు ఈ అప్పుల వడ్డీకి 26 శాతం పరిమితి పెట్టింది. 2022లో వడ్డీ నిర్ణయాన్ని సంస్థలకే వదిలేసి, కిస్తీలన్నీ కలిపి కుటుంబ నెలసరి ఆదాయంలో సగం దాటరాదంది. మంచి నిబంధనే. కానీ కుటుంబమంటే భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు. భర్త కూలి ఇంటికి చేరకపోయినా కాగితం మీద అది ఆమె చెల్లించే శక్తే!

వసూలు శాతం చూసి సంస్థ ఆరోగ్యంగా ఉందంటారు. ఆ కిస్తీ కోసం ఏ పుస్తెలు తాకట్టు పడ్డాయో, ఎవరు పస్తున్నారో ఏ తనిఖీ నివేదికా చెప్పదు.

నియంత్రణ వద్దనడం లేదు. అప్పిచ్చే ముందు ఆమె చేతికందే ఆదాయమెంతో అడగాలి. తనిఖీకి వచ్చినవారు ఆమెతో విడిగా మాట్లాడాలి. సంతకం ఆమెదైనప్పుడు లెక్కలోనూ ఆమె ఉండాలి కదా!