ఎరిగిన బాలుని ఎగతాళి చేయుట

సిద్దిపేట జిల్లా రాయపోల్ నుండి మా పాఠకులొకరు వ్రాసిన లేఖలో నొక సంగతి కలదు. ఆంగ్లపాఠమున ‘గివ్ అప్’ అను పలుకుబడికి అర్థమడుగగా, ఒక బాలుడు, ‘గివ్’ అనగా ఇచ్చుట, ‘అప్’ అనగా పైకి గనుక, ‘పైకి ఇచ్చుడు’ అని వ్రాసెనట. గురువుగారు దానిని తరగతికెల్ల చదివి వినిపించి, “ఇంట్ల తెలుగే మాట్లాడితె ఇట్లనే వస్తది” అని పిల్లలను నవ్వించిరట. సంగతి స్వల్పమే; కాని తెలుగు వచ్చుటయే ఇంగ్లీషు రాకుండుటకు హేతువను నమ్మకము ఆ నవ్వునకు మూలము. ఆ నమ్మకము స్వల్పము కాదు, సత్యమును కాదు.

ఆ ప్రాంతపు రైతు, “ఈసారి పత్తి ఇడిసిపెట్టి మక్క ఏసినం” అని చెప్పును. ఇందు పత్తిని ఎవరును ఎచ్చటను పెట్టలేదు. ‘పెట్టు’ అను క్రియ తన స్వార్థమును కోల్పోయి, ముందున్న ‘విడుచు’ అను క్రియకు తోడై, ఆ పని తుదిముట్టినదను భావమును మాత్రము కలిగించుచున్నది. ‘గివ్ అప్’ అనగా విడిచిపెట్టుటయే; అందలి ‘అప్’ చేయు కార్యమును ఇట్టిదే. అందు ఊర్ధ్వదిశ ప్రసక్తియే లేదు. ‘ఈట్ అప్’ అనగా తినివేయుట, ‘గివ్ అవే’ అనగా ఇచ్చివేయుట, ‘గివ్ ఇన్’ అనగా లొంగిపోవుట, ‘గివ్ అవుట్’ అనగా పంచిపెట్టుట. వేయు, పోవు, పెట్టు, కొను అను సహాయక్రియల సూక్ష్మభేదములను అయిదేండ్ల ప్రాయముననే ఆకళించుకొన్న బిడ్డకు ఇంగ్లీషువారి ఈ పద్ధతి కొత్త కానే కాదు; అది తనకు తెలిసినదేయని అతనికి చెప్పినవారే లేరు.

ఇంకొక విశేషము చూడుడు. ‘గివ్ అప్ స్మోకింగ్’ అనవలెనే గాని ‘గివ్ అప్ టు స్మోక్’ అనరాదని మన బడులలో సూత్రముగా వల్లె వేయింతురు. “బీడి తాగుడు ఇడిసిపెట్టిండు” అని పలుకు తెలంగాణపు బాలుడు, క్రియను నామముగా మార్చి దానిపై విడుచుటను నిలుపు ఆ నియమమును నిత్యము పాటించుచునే యున్నాడు. ఏ ‘తాగుడు’ను మోటుమాటయని దిద్దుచున్నామో, ఆ మాటయే సూత్రమునకు తాళపుచెవి.

ఇట్టి పలుకుబడులయందలి కష్టము తెలుగువానికి మాత్రమే కలిగినదియు గాదు. 1755లో ప్రకటించిన తన నిఘంటువు పీఠికలో శామ్యూల్ జాన్సన్ పండితుడే, క్రియకు చిన్నపదము చేరి అర్థము మారు ఈ ప్రయోగములు పరదేశీయులకు మిక్కిలి క్లేశకరములని యంగీకరించి, మానుట యను అర్థముగల ‘గివ్ ఓవర్’ మొదలగువానిని ఉదాహరించెను. ఆంగ్లనిఘంటుకర్తలలో అగ్రగణ్యుడు కష్టమని చెప్పినదానిని రాయపోల్ బాలుని మందబుద్ధికి నిదర్శనముగా చూపుట న్యాయమా?

సర్వనామము వచ్చినపుడు ‘గివ్ ఇట్ అప్’ అని నడుమ చేరుననియు, మనకట్టి రీతి లేదనియు కొందరాక్షేపింపవచ్చును. ఆ యొక్కదానిని వేరుగా నేర్పిన చాలును.

తెలుగును గేలిచేయుట మనకు కొత్త కాదు. 1921లో హైదరాబాదు సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావు తెలుగున ప్రసంగింపబూనగా సభాసదులు గేలిచేసిరి. ఆ అవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. ఆ సంఘమే ఆంధ్రమహాసభగా మారి, 1930లో మన మెదకు సీమయందలి జోగిపేటలో తొలిసారి సమావేశమైనది. ఆనాడు గేలిచేసినది పరభాషాభిమానులు. నేడు తెలుగు బిడ్డను తెలుగు గురువే గేలిచేయుచున్నాడు. పాఠశాలలలో తెలుగును నిర్బంధము చేయుచు 2018లో శాసనము చేసికొన్న రాష్ట్రమున ఇట్లు జరుగుట సహింపరానిది. నిర్బంధముగా నేర్పుచున్న భాషను పక్కగదిలో అపరాధముగా చూపు పాఠశాల దేనిని బోధించుచున్నట్లు?

2022–23లో ఆంగ్లమాధ్యమమును ప్రవేశపెట్టినపుడు ప్రభుత్వమే ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషుగా ద్విభాషా పుస్తకములను అచ్చువేయించినది. గణితమునకు, విజ్ఞానశాస్త్రమునకు తోడ్పడు తెలుగు, భాష నేర్చుకొను పాఠమునకు మాత్రము తోడ్పడదనుట యుక్తికి నిలువదు. ఆంగ్లవాచకములలో ఈ పలుకుబడుల ప్రక్కన వాని తెలుగు జంటక్రియలను, ఆయా జిల్లాల వాడుకరూపములతో సహా, అచ్చువేయవలెను. ఉపాధ్యాయ శిక్షణలో దీనిని పాఠముగా చేర్చవలెను. బాలుని తప్పు దిద్దుట గురుధర్మము. అతని ఇంటిభాషను ఆ తప్పునకు కారణముగా చాటుటకు ఏ గురువునకును అధికారము లేదు.