నర్సు గుండెతోపాటు వార్డునూ కొలవాలి

2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ నుంచి స్టైరీన్ వాయువు లీకై 12 మంది చనిపోయారు. వందలాదిమంది ఆస్పత్రుల పాలయ్యారు. అంతకుముందు 2012 జూన్‌లో ఉక్కు కర్మాగారంలో పేలుడు, 1997 సెప్టెంబరులో హెచ్.పి.సి.ఎల్. రిఫైనరీలో మంటలు. ప్రతిసారీ మృతుల లెక్క తీశాం, నష్టపరిహారం అడిగాం. సరే. మరి, ఒక ప్రాణం పోయాక ఆ దేహానికి గుడ్డ కప్పి, మరుక్షణం పక్క మంచానికి సెలైన్ పెట్టే సిస్టర్ మాటేమిటి?

మరణభయాన్ని కొలిచే సాధనాలు ఉన్నాయి. 1970లో డొనాల్డ్ టెంప్లర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 15 ప్రశ్నల కొలమానం ప్రకటించాడు. అవునో కాదో చెబితే చాలు, 0 నుంచి 15 లోపు ఒక అంకె వస్తుంది. కొన్ని దేశాల్లో నర్సులనూ దీనితో కొలిచారు. కొలవడం అవసరమే. బాధకు అంకె ఉంటే "అదే అలవాటవుతుందిలే" అని యాజమాన్యం తోసెయ్యడం కష్టం.

కానీ ఆ ప్రశ్నలు చావంటే నీకెంత భయం అనే అడుగుతాయి. రాత్రి డ్యూటీలో నీ ఒక్కదానికి ఎన్ని మంచాలు అప్పజెప్పారని అడగవు. రోగి పోతే బంధువుల కోపానికి ముందుగా ఎదురు నిలిచిందెవరని అడగవు. బోధనాసుపత్రుల్లో 3 మంచాలకు ఒక నర్సు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. దాన్ని పక్కనబెట్టి అంకె ఒక్కటే చూస్తే లోపం ఆమె మనసుదే అవుతుంది. "నీకు ధైర్యం చాలదమ్మా" అని ధ్యాన శిబిరానికి పంపి చేతులు దులుపుకుంటారు.

1960లోనే ఇసబెల్ మెంజీస్ లండన్‌లోని ఒక ఆస్పత్రిని పరిశీలించి, లోపం నర్సులో కాదు, పని నడిపే తీరులో ఉందని చూపింది. రోగిని పేరుతో కాక మంచం నంబరుతో పిలిపించినంత మాత్రాన నర్సు ఆందోళన తీరదని చెప్పింది. 1977లో అంతర్జాతీయ కార్మిక సంస్థ నర్సింగ్ సిబ్బంది పని పరిస్థితులపై 149వ ఒడంబడిక చేసింది. ఆమోదించిన దేశాల్లో మన దేశం లేదు.

ఇంకొక మాట. కాంట్రాక్టు నర్సు చేతికి కాగితమిచ్చి, దాన్ని పైఅధికారే వసూలు చేసుకుంటే, "నాకు భయంగా ఉంది" అని ఆమె రాస్తుందా? ఉద్యోగం పోతుందన్న భయం చావుభయంకన్నా చిన్నదేం కాదు.

అందుకే మనం అడగవలసినవి ఇవి: సర్వేలో పేరు ఉండకూడదు. దాన్ని యాజమాన్యం కాక బయటివారు జరపాలి. మంచాల లెక్క, డ్యూటీ గంటలు పక్కనే నమోదు కావాలి. ఆయాలనూ అడగాలి. ఫలితం ముందుగా నర్సులకే చెప్పాలి. వార్డులో మరణం సంభవిస్తే కాసేపు కూర్చునే హక్కు, ఆ సమయంలో మరొకరిని పనిలో ఉంచే ఏర్పాటు కావాలి.

ఇది జాలి కాదు, పని హక్కు.