రోగి భాషలో నాలుగు మాటలు

స్థూలకాయము తిండిపోతుతనమునకు ఫలితమనియు, దానిని తగ్గించు శస్త్రచికిత్స ధనవంతుల విలాసమనియు మనలో పలువురి భావము. ఈ రెండును సరికావు. వంశపారంపర్యము, శరీరతత్త్వము, జీవనవిధానము కలిసి తెచ్చిపెట్టు వ్యాధి ఇది. మధుమేహము, రక్తపోటు, మోకాళ్ళ నొప్పులు దీని వెంట నడచివచ్చును. 1960 దశకములో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ మేసన్ అను శస్త్రవైద్యుడు ప్రారంభించిన బైపాస్ పద్ధతి నుండి ఈ చికిత్స క్రమముగా వృద్ధిచెందినది. నేడు పొట్టపై చిన్న రంధ్రములు చేసి జరుపు ఆపరేషనుగా మన హైదరాబాదులోను లభించుచున్నది.

మేము ఇచ్చట చెప్పదలచినది కత్తి నైపుణ్యమును గూర్చి కాదు. కత్తికి ముందు జరుగవలసిన సంభాషణను గూర్చి.

మా బంధువర్గములోని ఒక గృహిణి ఉర్దూ మాత్రమే చదువగలరు. ఆమె మొదట వెళ్ళిన ఆసుపత్రిలో ఆంగ్లములోనున్న అంగీకార పత్రమును చేతికిచ్చి, గుర్తు పెట్టినచోట సంతకము చేయుమనిరి. కడుపులో ఏమి తీసివేయుదురని అడుగగా, "అదంతా మేము చూచుకొందుములెండమ్మా" అనిరి. ఆమె సంతకము చేయక తిరిగి వచ్చిరి.

రెండవచోట శస్త్రవైద్యుడు కాగితముపై జీర్ణాశయము బొమ్మ గీచి, ఆమెకు తెలిసిన ఉర్దూలోనే వివరించెను. జీర్ణాశయములో సుమారు ముప్పాతిక భాగము తీసివేయుదురు. తీసినది తిరిగి అతికింపరాదు. కుట్లవద్ద లీకు, రక్తస్రావము, సిరలలో రక్తము గడ్డకట్టుట అరుదుగా కలుగవచ్చును. మొదటి వారములలో ద్రవాహారమే. విటమినులు, రక్తపరీక్షలు జీవితాంతము తప్పవు. అశ్రద్ధ చేసినచో బరువు మరల పెరుగును. ఇదంతయు చెప్పి, ఆమెచేత తిరిగి చెప్పించెను. ఆపరేషను నాటి సాయంకాలమే నర్సు చేయిపట్టి నడిపించగా, రక్తము గడ్డకట్టకుండుటకే ఈ నడక అని ఆమెకు ముందే తెలియును. కావున నొప్పిలోను భయపడలేదు. తరువాత ఒక పెండ్లి విందులో బంధువులు బిర్యానీ తినుమని బలవంతపెట్టినప్పుడు, ఎందుకు తినరాదో ఆమెయే వారికి బోధించిరి! తెలిసికొనుట చికిత్సలో ఒక భాగమనుటకు ఇంతకన్న నిదర్శనమేల?

2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు, చికిత్స స్వభావము, ప్రయోజనము, ప్రత్యామ్నాయములు, ముఖ్యమైన ప్రమాదములు రోగికి తగినంతగా తెలిపిన పిదపనే అంగీకారము పొందవలెనని తీర్పు చెప్పినది. చదువలేని భాషలోని పత్రముపై చేసిన సంతకము ఏపాటి అంగీకారము?

వైద్యులకు తీరిక లేదందురు. నిజమే, ఆసుపత్రుల ముందు బారులు తీరిన జనమును మేమును చూచుచున్నాము. కావుననే ఆ భారమును వైద్యులపైననే మోపుట న్యాయము కాదు. ఉర్దూ, తెలుగు రెండును ఒకే కప్పు క్రింద బోధించు కళాశాల మనది. అంగీకార పత్రములను, ఆహార నియమములను ఈ రెండు భాషలలోనికి సులభశైలిలో అనువదించి, వైద్యులచే సరిచూపించి, ఆసుపత్రులకు అందించుట మనకు సాధ్యమైన సేవ. కళాశాల కమిటీవారు ఇందుకు పూనుకొని నగరములోని వైద్యులను సంప్రదించవలెనని కోరుచున్నాము. విద్యార్థి సోదర సోదరీమణులారా! పరీక్షలకై నేర్చిన భాష ఒక రోగి భయమును తీర్చినచో, ఆ చదువునకు అంతకు మించిన సార్థకత వేరొకటి గలదా?