చీరల పద్దు

ఆడువారి చీరల వలననే సంసారములు చితికిపోవుచున్నవని మన పట్టణములలో కొందఱు పెద్దమనుష్యులు తరచు సెలవిచ్చుచుందురు. ఖమ్మము పఠనాలయముల అరుగులమీదను ఈ మాట మా చెవిని పడుచునే యున్నది. అట్లు పలుకువారి జేబులోని సిగరెట్టు పెట్టె నెలకెంత తినుచున్నదో వారెన్నడును లెక్కించి యెఱుగరు. మద్యమునకైన వ్యయమును వ్రాసిన పద్దు ఏ గృహస్థుని లెక్కపుస్తకములోను మాకు కానరాలేదు. అయినను ఈ యపవాదములో ఒక పాలు సత్యము లేకపోలేదు. ధనము వ్యయమగుచున్నది, పెట్టెలు నిండుచున్నవి, మే నెలలో కట్టుకొన తగిన చీర మాత్రము ఆ పెట్టెలలో దొరకదు. ఇందు దోషమెవరిదో విచారింపవలసియున్నది.

మన సీమ యెట్టిదో పాఠకులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. కొత్తగూడెము, పాల్వంచ, భద్రాచలములందు వేసవి యెండ 45 డిగ్రీలు దాటుట వింత గాదు. ఆ యెండలోనే మన్యపు స్త్రీలు తునికాకు కోయుదురు. దానికి ముందే మిరపతోటలలో వంగిన నడుము లేపక కాయ లేఱుదురు. తొలకరి పడగానే మోకాటిలోతు బురదలో నాట్లు. 1986 ఆగస్టులో 75 అడుగులను, 2022 జూలైలో 71 అడుగులను దాటి గోదావరి భద్రాచలముపై విరుచుకొనిపడినపుడు కట్టుబట్టలతో ఇల్లు విడిచిన స్త్రీలెందఱో! పుష్యమాసము వచ్చెనా, చర్ల, దుమ్ముగూడెముల వైపు అడవి చలి. ఇట్టి మూడు కాలములకు అంగడివాడు ఏడాది పొడుగునను చూపునది యొక్కటియే: పాలియెస్టరు చీర.

సాధారణపు గాలిలో నూలు తన బరువునకు నూటికి 8.5 పాళ్ల తేమను పట్టియుంచును. పాలియెస్టరునకు ఆ శక్తి 0.4 పాలు మాత్రమే. వేసవిలో చెమటను పీల్చని బట్ట ఒంటిమీద నుండుట ఎట్టిదో కట్టినవారి నడుగుడు, చెప్పెదరు. ఖమ్మము మార్కెట్టునకు బండ్లకొలది పత్తి తోలుచున్న సీమ యిది. ఆ పత్తిని ఏఱు చేతులకు నూలుచీర కఱవైనది! ఇంతకన్న ఎగతాళి వేఱొకటి కలదా?

అట్లని మేము పాలియెస్టరును అగ్నికి ఆహుతి చేయుడని చెప్పబోము. వానకాలమున అది త్వరగా ఆఱును; నాట్లనుండి తిరిగివచ్చి రాత్రి పిండి ఆఱవేసిన చీరను తెల్లవాఱి మరల కట్టుకొనవచ్చును. నూలు అట్లు ఆఱదు. ఈ గుణమును కాదనుట అన్యాయము.

పెట్టెలు దేనిచేత నిండుచున్నవో చూతము. పెట్టుబడి చీరలని మనలో నొక వ్యవహారము గలదు. పెండ్లియైనను, గృహప్రవేశమైనను, సీమంతమైనను, వచ్చిన ముత్తైదువ చేతిలో ఒక చీర పెట్టవలెను. పెట్టువారు కట్టింపగోరి పెట్టరు; పుచ్చుకొనువారు కట్టదలచి పుచ్చుకొనరు. మడత విప్పనైన విప్పక పెట్టెలో దాచి, తమ యింట శుభకార్యము వచ్చినపుడు దానినే మఱియొకరికి పెట్టెదరు. ఇట్లు ఒక్కొక్క చీర ఒంటి నెఱుగకయే నాలుగిండ్లు తిరుగును. దీనికై అప్పుచేయువారు గలరు. న్యాయవాదవృత్తిలో మాకు కంటబడు ప్రామిసరీ నోట్ల వెనుక విచారించినచో, పెండ్లికి తెచ్చిన బట్టల పద్దు తగులని తడవ అరుదు. ఈ యాచారమును నిలుపుచున్నది ఆడువారొక్కరేనా? ఎన్ని చీరలు పెట్టితిమో బజారులో గొప్పగ చెప్పుకొనునది ఎవరు?

ఇక కొనుగోలు కాలము. బతుకమ్మ, దసరా పండుగలకు కొత్తబట్టలు కొనుట మన వాడుక. అప్పటికి రైతు చేతిలోని రొక్కమంతయు ఎరువులకును కలుపునకును పోయి, పత్తి ఇంకను చేనిమీదనే యుండును. కావున చీర అరువు చీర యగును. వాయిదాలవాడు మోటారుసైకిలుపై గుమ్మము ముందు నిలుచును. పత్తి సొమ్ము చేతికి వచ్చునది సంక్రాంతి నాటికి. వేసవి చీరలు అప్పుడే, రొక్కమిచ్చి, బేరమాడి కొనవలెను. దసరాకు అరువు చీర కొనుటకంటె నిరుడు కొన్న మంచి చీరను గంజిపెట్టి కట్టుట గౌరవమని మేము భావించుచున్నాము.

ఇద్దఱు కష్టించు ఇంటిలో స్త్రీ బట్టలకు నెలకు 300 రూపాయలు, ఏటికి 3,600 ప్రత్యేకించితి రనుకొందము. రెండు నూలుచీరలు ఎనిమిదేసి వందల చొప్పున 1,600; వానకాలమునకు మూడేసి వందల చీరలు రెండు, 600; నూలు లోపలి లంగాలు రెండు, 400; నూలు రవికలు మూడు, కుట్టుకూలితో 600; చలికి దుప్పటి యొకటి, 400. ధరలు ఊరినిబట్టి హెచ్చుతగ్గు లగును. చీర నూలుది కొనలేనివారు లంగాను రవికనైనను నూలువి కుట్టించుకొనవలెను. ఒంటికి తగులునవి అవియే గదా. నూలుచీరలు రెండేండ్లు వచ్చునట్లు వాడుకొన్నచో రెండవయేట ఆ 1,600 మిగులును. దానితో పండుగకు మగ్గపు చీర యొకటి రొక్కమునకే వచ్చును.

మగ్గపు చీర ప్రియమందురు. ప్రియమేల కాదు? 2017 జూలై మొదలు చేనేతపైన 5 శాతము పన్ను వేసితిరి. 1905 నాటి స్వదేశీ ఉద్యమము పేర 2015 నుండి ఆగస్టు 7వ తేదీని చేనేత దినోత్సవమని జరుపుచు, 2020లో అఖిలభారత చేనేత మండలినే రద్దుచేసితిరి. కొన్ని తరగతుల చీరలను మగ్గమునకే ప్రత్యేకించిన 1985 నాటి చట్టము పుస్తకములో నున్నది. పోచంపల్లి చుక్కలను పాలియెస్టరుపై అచ్చొత్తి అమ్మువాడు అంగడిలో నున్నాడు.

బతుకమ్మ కానుకయని 2017 మొదలు కొన్నేండ్లు ఈ రాష్ట్రమున పంచిన చీరలును పాలియెస్టరువే. సిరిసిల్ల మరమగ్గములకు పని దొరకెను; అది మేలే. కాని మొదటి యేట సూరతు సరకును తెప్పించిరి. నాసిరకమని పలుచోట్ల స్త్రీలు వానిని వీథిలో తగులబెట్టిరి. ఉచితముగ వచ్చిన బట్టను పేదరాలు తగులబెట్టెననిన, ఆమె కోపమెంతటిదో పాలకులు ఊహింపవలెను. ప్రభుత్వము చీర నీయదలచినచో దసరాకు వలదు. మాఘమాసములో, తునికాకు కోతకు ముందు, ఒక్క నూలుచీర నిచ్చుగాక. దానిని ఎంపికచేయు సంఘములో తునికాకు కోయు స్త్రీలు ఇద్దఱైనను ఉండవలెనని మా కోరిక.