తాత పుట్టిన ఊరు, మనవడి ఆట

పద్యమూ వ్యాకరణమూ తప్ప వేరొకటి ఎరుగని ఈ బ్లాగులో ఆటల మీద టపా ఏమిటని ఆశ్చర్యపోకండి. కారణం మా మనవడు.

వాడికి పదమూడేళ్లు. సిడ్నీలో పుట్టి అక్కడే పెరుగుతున్నాడు. బడి వదిలాక రగ్బీ లీగ్ ఆడుతుంటాడు. క్రిందటి నెలలో ఫోను చేసి, "తాతయ్యా, నువ్వు ఇండియాలో పుట్టావని చూపించే కాగితం ఏదైనా ఉందా?" అని అడిగాడు. వాడితో ఆడే పిల్లలలో ఒకడి తాత టోంగాలోను, ఇంకొకడి అమ్మమ్మ సమోవాలోను, మరొకడి తాత లెబనాన్‌లోను పుట్టారట. పెద్దయ్యాక ఎవరు ఏ దేశానికి ఆడవచ్చునో పిల్లలందరూ లెక్కలు వేసుకుంటున్నారు. మావాడి లెక్కలోకి నేను వచ్చాను.

నేను అడవులదీవిలో మా అమ్మమ్మగారింట మంత్రసాని చేతులలో పుట్టాను. ఆనాటి పల్లెలలో ఎందరికో జరిగినట్లే నా పుట్టుక ఏ దస్తరంలోనూ నమోదు కాలేదు. బడిలో వేసిననాడు మేష్టారు మా నాన్నను అడిగి, ఆయన "ఫలానా ఏడు కోతలప్పుడు" అంటే, దానిని బట్టి ఒక తేదీ వేసుకున్నారు. ఆ తేదీతోనే ఉద్యోగంలో చేరాను, ఆ తేదీ లెక్కనే పదవీ విరమణ చేశాను. ఊరి పేరు మాత్రం ఆ రిజిస్టరులో సరిగానే ఉన్నది. ఆ ఒక్క మాట సముద్రాల కావల ఒక పిల్లవాడికి అర్హత అవుతుందని మా మేష్టారు ఊహించి ఉండరు.

రగ్బీ లీగ్ అంటే ఏమిటో నాకూ తెలియదు, వాడే చెప్పాడు. జట్టుకు పదమూడు మంది. బంతి పట్టుకొని పరుగెత్తే వాడిని ఎదుటివారు పట్టి పడవేస్తారు. ఆరుసార్లు పట్టుబడితే బంతి ఎదుటి జట్టుకు పోతుంది. వింటుంటే మా ఊరి ఇసుకలో సంక్రాంతి నాళ్లలో ఆడిన చెడుగుడు గుర్తుకు వచ్చింది. కూత లేదు, అంతే. ఇంగ్లండు ఉత్తర ప్రాంతంలో, పని మానుకొని ఆడే కార్మికులకు పోయిన కూలి చెల్లించాలా వద్దా అన్న తగవు మీద 1895లో మూల రగ్బీ నుండి విడిపోయిన ఆట ఇది. నేటికీ దానిని గట్టిగా ఆడే దేశాలు కొద్ది. అందువల్లనే వారు తలుపులు విశాలంగా తెరిచారు. ఆటగాడు పుట్టిన దేశానికే కాక, తలిదండ్రులు గాని తాతలు, అవ్వలు గాని పుట్టిన దేశానికీ ఆడవచ్చును.

దీని ఫలితం చిన్నది కాదు. టోంగా జనాభా లక్షకు అటూ ఇటూ. 2017 ప్రపంచకప్ ముందు, న్యూజిలాండ్‌లో పుట్టిన జేసన్ టౌమలోలో, ఆస్ట్రేలియాలో పుట్టిన ఆండ్రూ ఫిఫిటా ఆ పెద్ద జట్లను కాదని తమ పెద్దల దేశమైన టోంగాను ఎంచుకున్నారు. ఆ పోటీలలోనే టోంగా న్యూజిలాండ్‌ను 28-22తో గెలిచింది. 2019లో ఆస్ట్రేలియాను కూడ 16-12తో ఓడించింది. 2022లో సమోవా ప్రపంచకప్ ఫైనలు దాకా వెళ్లింది. ఈ జట్లలో అనేకులు ఆక్లండ్ లోనో సిడ్నీ లోనో పుట్టి పెరిగినవారే. అయినా ఆ దీవులలో ప్రతి ఇంటా ఆ రాత్రి పండుగ జరిగింది. వలస పోయిన బిడ్డ ఇంటికి వచ్చినప్పుడు ఎక్కడ పుట్టావని ఏ తల్లి అడుగుతుంది?

అయితే ఆక్షేపణ లేకపోలేదు. తాత ఊరి పేరు చెప్పి జట్టులో చేరిన వాడు ఆ ఊరి మట్టి తొక్కకుండానే ఆట ముగించవచ్చును. ఆ దేశంలో మైదానం ఉండదు, బడి జట్టు ఉండదు, జాతీయ జట్టు మాత్రం ఉంటుంది. వేరు లేని చెట్టుకు పూలు అతికించినట్లు. లెబనాన్ సంగతి చూడండి. 2000 ప్రపంచకప్‌లో ఆడిన ఆ జట్టులో అధికులు సిడ్నీ లెబనీయులు. ఆ తరువాతి ఏళ్లలో ఆ దేశంలోనే పోటీలు మొదలుపెట్టారు గనుక దానికి అర్థం వచ్చింది. లేకుంటే అది పరాయి ఊరిలో వేసుకున్న మన ఊరి వేషం.

వంశం అడిగే ఈ తగవు మనకు కొత్తది కాదు. కుమారుల అస్త్రవిద్యా ప్రదర్శన నాడు కర్ణుడు రంగంలో నిలిస్తే, కృపాచార్యుడు ఏ విలు చేతబట్టావని అడగలేదు, ఏ వంశమని అడిగాడు. కర్ణుడు తల వంచుకున్నాడు. రాజత్వానికి పుట్టుక ఒక్కటే కాదు, శౌర్యమూ సేనను నడపగల శక్తీ మూలాలేనని వాదించి దుర్యోధనుడు అతడికి అంగరాజ్యం ఇచ్చాడు. ఇచ్చిన వాడి ఉద్దేశం మంచిది కాకపోవచ్చును గాని వాదం మాత్రం సరియైనదే.

మన దేశపు నియమం దీనికి పూర్తిగా వేరు. 2008 ఆగస్టులో బీజింగ్ ఒలింపిక్స్‌లో అమెరికాలో పెరిగిన సునీతా రావు మన సానియా మీర్జాతో కలసి భారత్ పక్షాన డబుల్స్ ఆడింది. ఆ ఏడు డిసెంబరులోనే, భారత పాస్‌పోర్టు ఉన్నవారే దేశానికి ఆడాలని క్రీడల మంత్రిత్వ శాఖ కట్టడి చేసింది. ద్వంద్వ పౌరసత్వం మన చట్టంలో లేదు. అందుకే అరాటా ఇజుమి 2012లో జపాను పౌరసత్వాన్ని, రయన్ విలియమ్స్ 2025లో ఆస్ట్రేలియా పౌరసత్వాన్ని వదులుకొని భారతీయులై ఫుట్‌బాలు జట్టు తలుపు తట్టవలసి వచ్చింది. విదేశాలలోని భారతీయ మూలాల క్రీడాకారులు వచ్చి ఆడేలా ప్రోత్సహించాలన్న మాట 2025 నాటి జాతీయ క్రీడా విధానంలో చేరింది గాని, ఓసీఐ కార్డుతో ఆడవచ్చునన్న మాట అందులో లేదు. మా మనవడికి ఆ కార్డు నా వంశం చూపించే వచ్చింది. జీవితాంతం వచ్చిపోవడానికి చాలిన తాత, ఆడటానికి చాలడం లేదు.

ఇక్కడ నా స్వార్థం దాచుకోను. మావాడు నీలి చొక్కా తొడుక్కుంటే చూడాలని నాకున్నది. కాని ముప్పై ఏళ్లు ఈ రేపల్లె ప్రాంతపు బడులలో చదువు చెప్పినవాడిని. చెప్పులు లేని కాళ్లతో చెడుగుడు ఆడి జిల్లా పోటీలకు వెళ్లడానికి బస్సు చార్జీలు లేక ఆగిపోయిన పిల్లలు నాకు పేరుపేరునా గుర్తు. సిడ్నీలో పచ్చిక మైదానం, శిక్షకుడు, పాలు, మాంసం అమరిన పిల్లవాడితో వారిని పోటీకి నిలబెడితే ఎవరు గెలుస్తారో చెప్పనక్కరలేదు. మావాడికి దొరికే చోటు అటువంటి ఒకడిది కాకూడదు.

దీనికి దారి మనవాడే ఒకడు చూపించాడు. కొట్టారి కనకయ్య నాయుడుగారు 1895లో నాగపూరులో పుట్టారు. వారి కుటుంబ మూలాలు మాత్రం కృష్ణకు ఆవలి గట్టున, మా ఊరికి దూరం కాని మచిలీపట్నంలో ఉన్నాయి. 1932లో భారత జట్టు తొలి టెస్టుకు నాయకుడు. హోల్కరు జట్టుకు కీర్తి తెచ్చిన దిట్ట. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953లోనే ఆంధ్ర జట్టు తొలిసారి రంజీ ట్రోఫీలో అడుగుపెడితే, యాభై ఎనిమిదేళ్ల వయసులో ఆ పసి జట్టుకు నాయకత్వం వహించారు. అప్పటికి ఆయన గడించవలసిన పేరు ఏదీ మిగలలేదు. ఆయన పక్కన నిలబడి ఆడటమే ఆ కుర్రవాళ్లకు బడి.

పాతికేళ్లు పిల్లలకు చెప్పిన పాఠమే ఇక్కడా పనికి వస్తుంది. సంస్కృతపు "రామః" తెలుగులోకి ఊరికే రాదు, డుప్రత్యయం చేరి "రాముడు" అయితేనే మన వాక్యంలో ఇముడుతుంది. నిన్నమొన్న వచ్చిన రైలు, బస్సు కూడ మన విభక్తులు తగిలించుకొని మనవైనాయి. పుట్టుక ఎక్కడిదైనా పరవాలేదు, మన ప్రత్యయం చేరాలి. ఆటగాడికీ అంతే. ఆట ఇంకా వేళ్లూనని దేశాలలో తాతల పేరుతో వచ్చేవారిని రానివ్వాలి. కాని జట్టులో సగం చోట్లు ఆ నేల మీద ఆట నేర్చిన వారికి ఉంచాలి. వచ్చినవాడు ఏటా కొన్ని వారాలు ఇక్కడి బడులలో పిల్లలకు నేర్పాలి. ఆ షరతుకు ఒప్పుకున్న వాడిని పాస్‌పోర్టు రంగు చూసి మన ప్రభుత్వం ఆపకూడదు.

ఈ మాటే మావాడికి చెప్పాను. బడి రిజిస్టరు నకలు కోసం అర్జీ పెట్టాననీ, అది వచ్చాక పంపుతాననీ, అయితే వచ్చే సెలవులకు బంతి తీసుకొని ఇక్కడికి రావాలనీ అన్నాను. కొంచెం ఆలోచించి, "అక్కడ నాతో ఆడటానికి పన్నెండు మంది దొరుకుతారా తాతయ్యా?" అన్నాడు. అడవులదీవిలో పిల్లలకు కొదవ లేదు నాన్నా, బంతికే కొదవ అన్నాను.

ఆటల మర్మం తెలిసిన మిత్రులు నా ఆలోచనలో దోషం ఉంటే దిద్దగలరు.